మాట అందకపోతే ఆగాలి

మా ఇంట్లో స్టీలు గ్లాసులు ఒక్కొక్కటిగా మాయమవడం మొదలైనప్పుడు అమ్మ ముందు నన్నే అనుమానించింది. ఇంట్లో ఏం పోయినా ముందు నా మొహం చూడ్డం ఆవిడకి అలవాటు. కాలేజీ మధ్యలో వదిలేసి వచ్చి కూర్చున్నవాడికి ఆ మాత్రం హోదా ఉంటుంది.

"గ్లాసులు అమ్ముకునే దాకా వచ్చావురా?" అంది.

"అమ్ముకునేవాణ్ణయితే బిందెలు వదిలేసి గ్లాసులు పట్టుకెళ్తానా?" అన్నాను.

దొంగ మా వదిన. యూనివర్సిటీలో రోబోల ల్యాబ్ చూసుకునే ఉద్యోగం ఆవిడది. రోజూ పొద్దున భోజనం డబ్బాతో పాటు ఒక గ్లాసు సంచిలో వేసుకుని వెళ్ళేది. సాయంత్రం డబ్బా ఒక్కటే తిరిగొచ్చేది. అమ్మ నన్ను తిడుతుంటే వదిన పక్కనే నిలబడి కూర తరిగేది గాని నోరు మెదిపేది కాదు.

ఆ గ్లాసులు ఎక్కడున్నాయో నేను చూసింది, "ఖాళీగానే ఉన్నావుగా, వచ్చి నిచ్చెన పట్టుకో" అని వదిన నన్ను ల్యాబ్‌కి లాక్కెళ్ళిన రోజు. పొడుగాటి గది, ఒకే కిటికీ. ఒకప్పుడు విరిగిన కుర్చీలు పడేసేవాళ్ళట. నేలంతా తెల్లరంగు వేసి, చుట్టూ నల్ల టేపు అంటించి ఉంది. గోడ వారగా బల్ల మీద మా గ్లాసులు వరసగా బోర్లించి ఉన్నాయి. ఒక్కో గ్లాసు మీద అరచేతిలో పట్టేంత రోబో ఒకటి కూర్చునుంది. రెండు పక్కలా చక్రాలు గాల్లో వేలాడుతున్నాయి.

"ఇదేంటి వదినా, పెళ్ళిపీటలా?"

"నవ్వు. కొత్తదాన్ని ఎప్పుడూ నేల మీద వదలకూడదు. నేల మీద చేసిన తప్పు పరిగెడుతుంది. గ్లాసు మీద చేసిన తప్పు అక్కడే తిరుగుతుంది."

ఆ గదిలో అదే మొదటి నియమం. ఏ రోబోకి కరెంటు ఎక్కించాలన్నా, ఏ కొత్త సంగతి నేర్పాలన్నా ముందు గ్లాసు ఎక్కాలి. చక్రాలు గాల్లో సరిగ్గా తిరిగాకే నేల మీద కాలు. స్టూడెంట్లు కూడా, "అక్కా, దీన్ని గ్లాసు దించొచ్చా?" అని అడిగి మరీ దించేవాళ్ళు.

మొత్తం డజను రోబోలు. ఒక్కోదానికీ రెండు మోటార్లు, ఒక బ్యాటరీ, అగ్గిపెట్టెంత కంప్యూటర్. నెత్తి మీద నలుపూ తెలుపూ గళ్ళున్న చిన్న కాగితం. పైకప్పుకి బిగించిన కెమెరా ఆ గళ్ళు చూసి ఏది ఎక్కడుందో బల్ల మీది లాప్‌టాప్‌కి చెప్తుంది. లాప్‌టాప్ ఏం చెయ్యాలో గాలిలోంచి రోబోకి చెప్తుంది. మధ్యలో కబుర్లు మోసేది మూలనున్న రౌటర్. అంతే. నాలాంటి మొద్దుకి కూడా అర్థమయ్యేలా వదిన చెప్పింది గనక చెప్పగలుగుతున్నాను. స్టూడెంట్లు వాటిని బొద్దింకలనేవాళ్ళు. వదినకి ఆ మాట గిట్టేది కాదు. "బొద్దింక అంటే చెప్పు తీస్తారు. పేరు పెట్టి పిలవండి" అనేది. ఒక్కోదాని వీపు మీద ఒక గుర్తు ఉండేది. ఎర్రచుక్క, నీలిగీత, పచ్చతోక, మూలవిరుగుడు. ఈ మూలవిరుగుడు ఒకసారి బల్ల మీంచి పడి మూల పగలగొట్టుకుంది. దాని సంగతి మళ్ళీ వస్తుంది.

వదిన ఈ గదికి ఎలా వచ్చిందో చెప్పాలి. పెళ్ళికి ముందు ఎలక్ట్రానిక్స్‌లో డిప్లొమా చేసింది. యూనివర్సిటీలో ఉద్యోగం వచ్చిందిగాని అది సర్టిఫికెట్ల కౌంటర్లో. మసక అద్దం, అద్దానికి చెయ్యి పట్టేంత కంత, కంతకి అవతల క్యూ. ఏళ్ళ తరబడి ఆ కంతలోంచి కాగితాలు తీసుకుని, ముద్ర కొట్టి, అదే కంతలోంచి తిరిగి ఇచ్చింది. "ఈ ఊళ్ళో చదువుకున్న సగం మందికి నా చేతులు తెలుసు. మొహం ఒక్కరికీ తెలీదు" అని నవ్వేది. ఆ నవ్వు నాకు నచ్చేది కాదు. ల్యాబ్‌లో పాత టెక్నీషియన్ మానేసినప్పుడు వదిన దరఖాస్తు పెట్టింది. డిపార్ట్‌మెంట్ పెద్దని అందరూ హెడ్డుగారంటారు. ఆయన "ఇది వైర్లతో పనమ్మా" అన్నాడట. వదిన సంచిలోంచి సొంత సాల్డరింగ్ కడ్డీ తీసి ఆయన బల్ల మీద పెట్టి, "దీంతోనే కదండీ?" అందట. ఇంకెవరూ అడగలేదు గనక ఇచ్చారు. ధైర్యం చూసి ఇచ్చారని మా అన్నయ్య అందరికీ చెప్తాడు. కాదు, ఎవరూ అడగలేదు గనకే.

నేను నిచ్చెన పట్టుకున్న రోజే హెడ్డుగారు వచ్చాడు. వదిన పైన కెమెరా బిగిస్తోంది.

"ఏమమ్మా, ఏడాదైంది. ఎప్పుడొచ్చినా రెండు నడుస్తుంటాయి, పది పడుకునుంటాయి."

"పడుకోలేదు సార్. నేర్చుకుంటున్నాయి."

"నేర్చుకోవాల్సింది స్టూడెంట్లు. చూడండి, టర్మ్ మొదట్లో కమిటీ వస్తోంది. అన్నీ కలిసి ఈ ఒక్క బల్ల దగ్గర్నుంచి నడిచాయా, కోర్సు ఉంటుంది. లేదంటే ఈ గది పరీక్షల విభాగానికి. జవాబు పత్రాలు పెట్టుకోడానికి చోటు లేదని వాళ్ళు నా ప్రాణం తోడేస్తున్నారు."

వదిన నిచ్చెన మీదే ఉండి, "మరి నేను?" అంది.

"మీకేంటి, మీ పాత కుర్చీ ఎక్కడికీ పోలేదుగా."

ఆయన చెడ్డవాడు కాదు. చెప్పినదాంట్లో అబద్ధమూ లేదు. రెండే నడుస్తున్నాయి, పది పడుకునున్నాయి. వదినకి అదే ఎక్కువ మండింది. ఆయన వెళ్ళాక స్క్రూ ఇంకాస్త బిగించి కిందికి దిగింది.

"మళ్ళీ ఆ కంత వెనక కూర్చోను" అంది, నాతో కాదు, స్క్రూడ్రైవర్‌తో.

మర్నాటికల్లా పరీక్షలవాళ్ళు జవాబు పత్రాల కట్టలు తెచ్చి ల్యాబ్ బయట వరండాలో పేర్చడం మొదలుపెట్టారు. గది ఖాళీ అయ్యేదాకా ఇక్కడుంటాయి అన్నారు. ఆలూ లేదు చూలూ లేదు గాని కట్టలు మాత్రం వచ్చేశాయి. తలుపుకి అడ్డంగా పేర్చడంతో తలుపు సగమే తెరుచుకునేది. లోపలికి వెళ్ళాలంటే పక్కకి తిరిగి, పొట్ట బిగబట్టి దూరాలి. వదిన వాళ్ళతో పోట్లాడలేదు. "ఇవి తీయించేది నేను కాదు, ఆ డజను" అంది.

ఇంట్లో సంగతి తెలిశాక అమ్మకి గ్లాసుల మీద కోపం పోయింది. కోపం పోతే వెటకారం వస్తుంది.

"ఇంట్లో ముగ్గుర్ని ఆడిస్తున్నావు, చాల్లేదా అమ్మాయ్? మళ్ళీ అక్కడ డజనా?"

"వాటిని ఆడించడమే తేలిక అత్తయ్యా. ఎదురు చెప్పవు."

"పిలిస్తే పలుకుతాయా?"

"పలుకుతాయి."

"అయితే రెండు ఇంటికి తీసుకురా. ఈ అన్నదమ్ములు పిలిస్తే పలకరు."

అన్నయ్య బస్సు డ్రైవరు. పళ్ళెంలోంచి తల ఎత్తకుండా "ఆ" అన్నాడు. దేనికన్నాడో ఎవరికీ తెలీదు.

అసలు పని అప్పుడు మొదలైంది. వదిన ముందు ఎర్రచుక్క ఒక్కదాన్నే పట్టుకుంది. ముందుకు అంటే తిన్నగా ముందుకు పోవాలి, మలుపు అంటే అడిగినంతే తిరగాలి. ఎడమ చక్రం కాస్త బద్ధకం, దానికి తగ్గట్టు కుడిదాన్ని తగ్గించింది. రోజుల తరబడి దానితోనే గడిపి, ఆఖరికి ఎర్రచుక్క నేల మీద చతురస్రం గీస్తే మొదలెట్టిన చోటికే వచ్చి ఆగేలా చేసింది. మిగతా పదకొండుకీ ఇదంతా మళ్ళీ చెయ్యాలంటే కమిటీ వచ్చి వెళ్ళిపోతుంది. అందుకని ఎర్రచుక్కలోని మెమరీ కార్డు తీసి, దాన్ని ఉన్నదున్నట్టు పదకొండు కార్డులకి నకలు తీసింది.

"ఒకదాన్ని దిద్దితే అందర్నీ దిద్దినట్టే" అని స్టూడెంట్లందరి ముందూ గొప్పగా చెప్పింది. వాళ్ళు చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

అన్నిటినీ గ్లాసులు ఎక్కించి, బ్యాటరీలు పెట్టి, "ఎర్రచుక్కా, ముందుకు" అని లాప్‌టాప్‌లో కొట్టింది. నీలిగీత చక్రాలు తిరిగాయి.

మళ్ళీ కొట్టింది. ఈసారి పచ్చతోక. ఎర్రచుక్క మాత్రం పెళ్ళికూతురిలా కదలకుండా కూర్చుంది. "నీలిగీతా, ముందుకు" అంటే ఎవరూ పలకలేదు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.

వదిన వైర్ల మీద పడింది. నీలిగీత విప్పింది, పచ్చతోక విప్పింది, సాల్డరింగ్ అంతా ఊడదీసి మళ్ళీ వేసింది. ల్యాబ్ పాఠాలు చెప్పే కుర్ర లెక్చరరు ఒకాయన ఉన్నాడు. గడ్డం గోక్కుంటూ ఆలోచిస్తాడు గనక గడ్డం సార్ అంటారు. తెలివైనవాడే, మనిషీ మంచివాడే. ఆయన వచ్చి తప్పు రౌటర్‌ది అన్నాడు. రౌటర్ మార్చారు. ఇప్పుడు ఎర్రచుక్కని పిలిస్తే మూలవిరుగుడు తిరిగింది.

"వైర్లే సార్" అంది వదిన.

"వైర్లు కాదు మేడం. ఇన్నిట్లో ఒకేసారి ఎలా పాడవుతాయి?"

"ఈ వైర్లు తెచ్చినవాడు ఒక్కడే కదా, వాడికి బుద్ధి లేకపోతే అన్నీ పాడవుతాయి."

తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. నాకు ఆవిడలో నచ్చని గుణం ఇదొక్కటే, ఆవిడని నిలబెట్టిన గుణం కూడా ఇదే. రోజంతా అదే పని. పొగ, కాలిన వాసన, వేళ్ళకి బొబ్బలు. బయట కట్టలు తలుపు పిడి దాకా పెరిగాయి.

ఒక మధ్యాహ్నం వదిన ఎర్రచుక్క బ్యాటరీ ఊడదీసి చేత్తో పట్టుకుంది, ఛార్జింగ్‌లో పెడదామని. ఈలోపు గడ్డం సార్ ఏదో అడిగితే లాప్‌టాప్ వైపు తిరిగి, అలవాటులో ఎర్రచుక్క ఉందో లేదో చూసింది. స్క్రీన్ మీద పచ్చ అక్షరాలు వచ్చాయి: ఎర్రచుక్క, సిద్ధం.

వదిన స్క్రీన్ చూసింది. చేతిలో బ్యాటరీ చూసింది. బల్ల మీద ఎర్రచుక్క ప్రాణం లేకుండా పడుంది.

"సార్, చచ్చిపోయినది పలుకుతోంది" అంది.

గడ్డం సార్ గోక్కోవడం ఆపేశాడు.

"ప్రాక్సీ వదినా," అన్నాను నేను. "క్లాసుకి రానివాడి హాజరు పక్కవాడు పలుకుతాడు చూడు. అదే ఇది."

ఆ విద్యలో మాత్రం నాకు ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. వదిన నవ్వలేదు. కుర్చీలో కూర్చుంది. తనకి తాను చెప్పుకున్నట్టు చెప్పింది. కార్డు ఉన్నదున్నట్టు నకలు తీసినప్పుడు ఎర్రచుక్క పేరు కూడా నకలైంది. వీపుల మీద పన్నెండు గుర్తులున్నాయి గాని, లోపల పన్నెండూ 'నేను ఎర్రచుక్కనే' అనుకుంటున్నాయి. పిలుపు ఎవరికి ముందు అందితే వాళ్ళు తిరుగుతున్నారు. నీలిగీత అనే పేరు తనదని ఆ గదిలో ఎవరికీ తెలీదు, నీలిగీతకి కూడా.

"వైర్లు కాదు," అంది.

"రౌటరూ కాదు," అన్నాడు గడ్డం సార్. పెద్దమనిషి.

"అన్యాయంగా ఊడబీకాను పాపం వాటిని."

మర్నాడు క్లాసులో వదిన ముందు చేసిన పని, చప్పట్లు కొట్టిన స్టూడెంట్లందర్నీ కూర్చోబెట్టి తను చేసిన తప్పేంటో చెప్పడం. "ఒకదాన్ని దిద్దితే అందర్నీ దిద్దినట్టే అన్నాను కదా. కాదు. నేర్పిన పని నకలు తియ్యొచ్చు, పేరు నకలు తియ్యకూడదు. రాసుకోండి" అంది. వెనక బెంచీ నుంచి ఎవడో, "అక్కా, మరి మేం కొట్టిన చప్పట్లు?" అన్నాడు. "వెనక్కి ఇచ్చేస్తాను, వరసలో రండి" అంది.

తర్వాత పదకొండింటినీ ఆర్పేసి, ఒక్కోదాన్నే వెలిగించి, లోపల పేరు మార్చి, ఆర్పి, పక్కన పెట్టి, ఇంకోటి. పేరు పెట్టడం అయ్యాక చక్రాల బద్ధకం కూడా దేనిదానికి వేరువేరుగా సరిచేసింది. ఎర్రచుక్కకి ఎడమ చక్రం బద్ధకమైతే పచ్చతోకకి కుడిది. నకలు ఇక్కడ కూడా పనికిరాలేదు. తేలిక అనుకున్న దారి చివరికి రెండింతలైంది. వదిన విసుక్కోలేదు. ఆ రోజు నుంచి ఆ ల్యాబ్‌లో ఇంకో నియమం వచ్చింది: పని మొదలెట్టే ముందు హాజరు పిలవాలి. పేరు పిలిస్తే ఆ ఒక్కటే వెలిగి అరచుట్టు తిరగాలి. ఇంకోటి ఉలిక్కిపడినా పని ఆపాలి.

అవన్నీ కలిసి వరసగా నడిచిన రోజు నేను చూశాను. బాతుపిల్లల్లా ఒకదాని వెనక ఒకటి, టేపు పక్కగా. నోరు తెరుచుకుని చూశాను. ఒప్పుకుంటున్నాను.

ఇక్కడ గడ్డం సార్‌కీ వదినకీ పెద్ద పేచీ వచ్చింది. రౌటర్ నుంచి మాట అప్పుడప్పుడు ఓ క్షణం తెగిపోతుంది. మాట తెగితే రోబో ఠక్కున ఆగేలా వదిన రాసింది. మళ్ళీ అందితే కదులుతుంది. చూడ్డానికి కుదుపుగా ఉంటుంది.

"మేడం, కమిటీ ముందు ఇలా ఆగి ఆగి నడిస్తే పాడయ్యాయి అనుకుంటారు. మాట తెగినా ఆఖరుసారి చెప్పిందే చేసుకుంటూ పొమ్మందాం. నీళ్ళలా సాగిపోతాయి. నేను రాసి కూడా ఉంచాను, ఒక్క మీట నొక్కితే చాలు."

"వద్దు సార్."

"ఎందుకు వద్దు?"

వదిన మూలవిరుగుడుని తెచ్చి ఆయన అరచేతిలో పెట్టింది. "ఇది ఎలా విరిగిందో తెలుసా? బల్ల మీద నడిపిస్తుంటే నా చెయ్యి తగిలి లాప్‌టాప్ తీగ ఊడింది. ముందుకు అన్నది దీని ఆఖరి మాట. బల్ల అయిపోయినా ముందుకే పోయింది. పడ్డాక కూడా, వెల్లకిలా పడి, చక్రాలు తిప్పుతూనే ఉంది సార్. చెప్పేవాడు లేకపోయినా చెప్పిందే చేసుకుంటూ పోయేదాన్ని నేను నేల మీద వదలను."

"ఇవి అరచేయంత బొమ్మలు మేడం."

"స్టూడెంట్లు ఇక్కడ నేర్చుకుని బయట చేసేవి అరచేయంతే ఉంటాయా?"

గడ్డం సార్ గడ్డం గోక్కున్నాడు. "సరే. మీ ఇష్టం. ఆ రోజు జవాబు చెప్పాల్సింది కూడా మీరే."

"ఎవరు చెప్తారనుకున్నారు?" అంది వదిన.

ఇంటికొచ్చాక అన్నయ్యని అడిగింది. "ఏమండీ, బస్సు నడిపేటప్పుడు ముందు దారి కనపడకపోతే ఏం చేస్తారు?"

"ఆపుతాను."

"లోపల జనం అరిస్తే?"

"అరవనీ."

ఆ రోజు మా అన్నయ్య మాట్లాడింది అంతే. వదినకి చాలింది.

కమిటీ వచ్చిన రోజు ముగ్గురు పెద్దలు, హెడ్డుగారు, వాళ్ళ వెనక సగం డిపార్ట్‌మెంటు. అందరూ ఆ సగం తలుపులోంచి ఒక్కొక్కరే పక్కకి తిరిగి దూరాల్సొచ్చింది. హెడ్డుగారి చొక్కా గుండీ తలుపు గడియకి తగిలి తెగింది. కమిటీలో తెల్లజుట్టావిడ ఒకరున్నారు. ఏదో ఫ్యాక్టరీలో యంత్రాల ఇంజనీరుగా చేసి రిటైరయ్యారట. ఆవిడ లోపలికి రాగానే గ్లాసులు చూసి, "నీళ్ళకా?" అంది.

"కాదండీ. తప్పులకి" అంది వదిన.

హాజరు పిలిచింది. ఎర్రచుక్క అరచుట్టు. నీలిగీత అరచుట్టు. పచ్చతోక. అలా చివరిదైన మూలవిరుగుడు దాకా. గోడలకి అంటుకుని నిలబడ్డ స్టూడెంట్లు ఫోన్లు తీసి వీడియోలు పడుతున్నారు. "వరస" అని కొట్టింది వదిన. వరస కట్టాయి. "వలయం" అంది. వరస వంగి గుండ్రంగా చుట్టుకోవడం మొదలైంది. హెడ్డుగారు తెగిన గుండీ చేత్తో పట్టుకుని మొదటిసారి నవ్వాడు.

సరిగ్గా సగం చుట్టులో డజనూ ఆగిపోయాయి. గాజుపెంకులు తొక్కినట్టు, ఠక్కున.

వదిన స్క్రీన్ చూసింది. మాట వెళ్ళడం లేదు. హెడ్డుగారి నవ్వు ఉన్నచోటే ఎండిపోయింది. గడ్డం సార్ వదిన చెవి దగ్గరకి వంగి, "మేడం, నాది నొక్కమంటారా? మళ్ళీ మాట అందగానే నొక్కేస్తే ఇక ఆగవు" అన్నాడు. మీట మీద ఆయన వేలు ఉంది. వదిన ఆయన చెయ్యి పట్టుకుని పక్కకి జరిపింది. కంత వెనక్కి వెళ్ళడానికీ వెళ్ళకపోవడానికీ మధ్య ఆ వేలొక్కటే ఉందని ఆ గదిలో నాకూ వదినకీ తెలుసు.

"ఏమైందమ్మా?" అన్నాడు హెడ్డుగారు.

"ఆగాయి సార్."

"కనిపిస్తోంది. ఎందుకాగాయి?"

"నా మాట అందలేదు. మాట అందకపోతే ఆగమని నేనే చెప్పాను. గదిలో ఇన్ని ఫోన్లు ఎప్పుడూ లేవు. అన్నీ ఒకేసారి గాలిలో మాట్లాడుతుంటే మా రౌటర్ గొంతు వినపడ్డం లేదు. ఇది నేను ముందే ఊహించాల్సింది, ఊహించలేదు. దయచేసి అందరూ ఫోన్లు ఆపండి."

స్టూడెంట్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇప్పటివాళ్ళని ఊపిరి ఆపమంటే ఆపుతారు గాని ఫోన్ ఆపరు. తెల్లజుట్టావిడ ముందు తన ఫోన్ తీసి ఆపేసింది. తర్వాత హెడ్డుగారు. తర్వాత గోడ వెంబడి ఒక్కో వెలుగూ ఆరిపోయింది. డజనూ ఒకసారి ఉలిక్కిపడి, ఆగిన చోటి నుంచే వలయం అందుకున్నాయి.

అంతటితో అయిపోయిందనుకున్నాను. తెల్లజుట్టావిడ మూలకి నడిచి, ఎవర్నీ అడక్కుండా రౌటర్ ప్లగ్గు పీకేసింది. ఆగాయి. పెట్టింది. రౌటర్ మేలుకున్నాక కదిలాయి. మళ్ళీ పీకింది. ఆగాయి. చిన్నపిల్లలా ఇంకోసారి చేసింది.

"మా ఫ్యాక్టరీలో ఒకటి ఉండేది. ఆగమంటే వినేది కాదు" అంది. ఎడమ చేతి రెండు వేళ్ళు మడిచిపెట్టుకునే ఉందని అప్పుడు చూశాను. మడిచిపెట్టుకోలేదు, అవి అక్కడిదాకే ఉన్నాయి.

ఆఖరుసారి ప్లగ్గు పెట్టినప్పుడు పదకొండే కదిలాయి. మూలవిరుగుడు కదల్లేదు. వదిన వెళ్ళి తీసి, గ్లాసు మీద పెట్టి పిలిచింది. పలకలేదు.

"అన్నీ అన్నాను," అన్నాడు హెడ్డుగారు, మెల్లగానే. "పదకొండు."

"పదకొండే సార్," అంది వదిన. "ఇది ఎందుకు ఆగిందో నాకిప్పుడు తెలీదు. తెలిసినట్టు చెప్పను. రేపు పొద్దున మీరు వచ్చేసరికి చెప్తాను. చెప్పలేకపోతే మీ గది మీరు తీసుకోండి."

కమిటీ ఏమీ చెప్పకుండా టీ తాగి వెళ్ళింది. తెల్లజుట్టావిడ మాత్రం వెళ్తూ వెళ్తూ హెడ్డుగారితో గుమ్మంలో ఏదో అంది. ఇరుకులో ఇద్దరూ చిక్కుకుని ఉండగా అంది గనక ఆయనకి వినక తప్పలేదు.

వదిన ఆ సాయంత్రం మూలవిరుగుడుని పూర్తిగా విప్పింది. ఈసారి ముందు వైర్లని తిట్టలేదు. హాజరు చూసింది, పేరు చూసింది, కార్డు చూసింది, బ్యాటరీ చూసింది, అన్నీ అయ్యాకే వైర్ల దాకా వచ్చింది. బ్యాటరీ పిన్ను వదులు. బల్ల మీంచి పడ్డ రోజే లోపల సన్నగా చీలింది. అప్పటినుంచి నెట్టుకొస్తూ, ఠక్కున ఆగిన కుదుపులన్నీ తిన్నాక ఆరోజు ఊడింది. పిన్ను మార్చింది.

"అంటే ఈసారి నిజంగానే వైరు," అన్నాను.

"ఇంట్లో అనకు. మీ అమ్మ ఇప్పటికే నన్ను ఆడిపోసుకుంటోంది."

పొద్దున హెడ్డుగారు కొత్త గుండీ కుట్టించుకున్న చొక్కాతో వచ్చాడు. పక్కకి తిరిగి, పొట్ట బిగబట్టి, దూరాడు. వదిన పాత పిన్ను ఆయన అరచేతిలో పెట్టి చీలిక చూపించింది. తర్వాత కుర్చీ జరిపింది.

"మీరే పిలవండి సార్."

"నేనా?"

"పేరు కొట్టండి. ముందుకు అనండి."

ఆయన ఒక వేలుతో వెతుక్కుంటూ కొట్టాడు. గ్లాసు మీద మూలవిరుగుడు వెలిగింది. చక్రాలు గాల్లో తిరిగాయి. మిగతా పదకొండూ తమని కాదని తెలిసి నోరు మూసుకుని కూర్చున్నాయి. ఆయన ఆపడం మర్చిపోయి చూస్తుండిపోయాడు. వదిన వెళ్ళి రౌటర్ ప్లగ్గు పీకింది. చక్రాలు ఆగాయి.

"సరే," అన్నాడు. లేచి, గది చుట్టూ ఒకసారి చూసి, "కోర్సు టైంటేబుల్ పంపిస్తాను. ఇంకేమైనా కావాలా అమ్మా?"

గ్లాసులు అడుగుతుందనుకున్నాను. ఇంట్లో అప్పటికి మేం టీ డబ్బా మూతల్లో నీళ్ళు తాగుతున్నాం.

"ముందు ఆ కట్టలు తీయించండి సార్" అంది వదిన. "తలుపు తెరుచుకోవట్లేదు."